బామ్మగారు స్తంభం కంటే పొడుగైపోయారు. అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలా?

పర్లాకిమిడి_కుంచె
ఇప్పటివరకు మనుషుల ముఖాలే వేశాను. ఇల్లు వేయడం ఇదే మొదటిసారి, దానితోనే దెబ్బ తిన్నాను.

మా ఊళ్ళో ఒకాయన పాత పెంకుటిల్లు పడగొట్టి మేడ కట్టుకున్నారు. ఇప్పుడు ఆ పాత ఇల్లు బొమ్మగా హాలులో ఉండాలట. మూడడుగుల వెడల్పు కాన్వాసు, ఆక్రిలిక్ రంగులు, వసారాలో వాళ్ళ బామ్మ, తాతయ్య నిలబడి ఉండాలి. తొమ్మిది వేలకు మాట అయింది. నాలుగు వేలు ముందే ఇచ్చారు. ఇల్లు లేదు కాబట్టి మూడు ఫొటోలు చేతిలో పెట్టారు. ఒకటి ఎదురింటి మేడ మీద నుంచి తీసినది, ఇల్లంతా కనిపిస్తుంది. రెండోది చాలా పాత నలుపు తెలుపు ఫొటో, బామ్మ తాతయ్య అరుగు మీద నిలబడి ఉన్నారు, పక్కన తులసికోట. మూడోది పడగొట్టే ముందు వీధిలో నిలబడి ఫోను పైకెత్తి తీసినది.

మూడూ కలిపి నెల రోజులు కూర్చుని వేశాను. పెంకులు వరుసకు ఇన్ని అని లెక్కపెట్టి మరీ వేశాను. నిన్న చూసి ఆయన అన్న మాట: "ఇల్లు వెనక్కి పడిపోతోంది. మా బామ్మ తల ఎత్తితే దూలం తగిలేలా ఉంది." ముఖాలు కూడా ఏదో తేడాగా ఉన్నాయన్నారు. ముఖాలే నా బలం అనుకునేవాణ్ణి, ఆ మాటే ఎక్కువ బాధించింది. డబ్బు వెనక్కి ఇమ్మంటున్నారు. అందులో సగం రంగులకు, కాన్వాసుకు పోయింది.

రెండు ప్రశ్నలు. పర్‌స్పెక్టివ్, అంటే దగ్గరా దూరమూ బొమ్మలో సరిగ్గా కనిపించేలా గీసే పద్ధతి, త్వరగా నేర్చుకునే దారి ఏమైనా ఉందా? అడ్వాన్సు తిరిగి ఇవ్వాలా? బొమ్మ, మూడు ఫొటోలు కింద పెట్టాను.

గుణుపురం_ప్యాసింజర్
బొమ్మ చూశాను. బామ్మగారు ఆ గుమ్మంలోంచి లోపలికి ఎలా వెళ్ళేవారో ముందు అది చెప్పండి.

జయపురం_నీటిరంగు
నవ్వకండి. రంగులు బాగున్నాయి తమ్ముడూ. పెంకుల మీద నాచు వేసిన తీరు చూస్తే చేతిలో పని ఉందని తెలుస్తోంది. గీతల దగ్గరే తప్పు.

గోడరాత_బరంపురం
ముప్ఫై ఏళ్ళు గోడల మీద రాసిన చేయి ఇది. ఒడియా, తెలుగు రెండు లిపుల్లోనూ బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు పోయి బొమ్మలు మిగిలాయి.

నేను పుస్తకంలో నేర్చుకోలేదు, మేకుతో నేర్చుకున్నాను. ఒక బడి ప్రహరీ మీద బజారు వీధి వేయమన్నారు, రెండు పక్కలా కొట్లు. మా గురువుగారు గోడ మధ్యలో కంటి ఎత్తున ఒక మేకు కొట్టి, దానికి నూలు దారం కట్టి, దారానికి నీలం పొడి రాసి నా చేతిలో పెట్టారు. "కొట్ల చూర్లు, అరుగులు, వెనక్కి పోయే గీత ఏదైనా సరే, దారం లాగి ఒక్క దెబ్బ కొట్టు" అన్నారు. అంతే. ఆ రోజు ఆయన పర్‌స్పెక్టివ్ అనే మాటే అనలేదు.

తరవాత మూల మీది ఇల్లు వేయాల్సి వచ్చింది. అలాంటి ఇంటికి రెండు గోడలు రెండు వైపులకు వెనక్కి పోతాయి కాబట్టి రెండు మేకులు కావాలి. ఒక మేకు గోడలోనే పడింది. రెండోది లెక్క ప్రకారం ప్రహరీ దాటి పక్కింటి గోడలో పడింది. కొట్టాను. ఇంటాయన పంచె ఎగ్గట్టుకుని బయటికి వచ్చాడు. "మీ గోడలో మా వీధి కలుస్తోందండీ" అంటే ఆయనకు అర్థం కాలేదు. చివరికి ఆయన గేటు మీద పేరు ఉచితంగా రాసి బయటపడ్డాను.

నీ బొమ్మలో చూరు గీత ఒక చోటికి, అరుగు గీత ఇంకో చోటికి పోతున్నాయి తమ్ముడూ. మేకు లేదు.

గుణుపురం_ప్యాసింజర్
మా పాత చిన్న రైలు పట్టాలకు మేకులు అక్కర్లేకపోయేది. రెండున్నర అడుగుల వెడల్పే కాబట్టి నాలుగు అడుగులు వేసేసరికి అవే కలిసిపోయేవి.

లెక్కలమాస్టారు_రాయగడ
గోడరాత గారి మేకు కథ విని మనసు ఆగలేదు. జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ 1525లో కొలతల గురించి అచ్చువేసిన పుస్తకంలో సరిగ్గా ఇదే బొమ్మ ఉంది. గోడకు ఒక మేకు, దానికి దారం, బల్ల మీద ఒక వీణ లాంటి వాయిద్యం. దారం రెండో కొసను వాయిద్యం మీద ఒక్కొక్క చోట పెడుతూ, దారం మధ్యలో ఉన్న చట్రాన్ని ఎక్కడ దాటుతోందో గుర్తు పెట్టుకుంటారు. అక్కడ మేకు అంటే చూసేవాడి కన్ను. మన గోడ మీది మేకు గీతలు కలిసే చోటు. పని వేరు, మేకూ దారమూ అవే. అంతకు ముందే, 15వ శతాబ్దం మొదట్లో, ఇటలీలోని ఫ్లోరెన్సులో వాస్తుశిల్పి బ్రూనెలెస్కీ అద్దం పట్టుకుని గీతలు కలిసే ఈ కిటుకు జనానికి చూపించాడు. 1435లో అక్కడి పండితుడు ఆల్బెర్టీ దాన్ని సూత్రంగా రాశాడు.

ఇప్పుడు నీ బొమ్మ సంగతి. నీకు తెలియకుండానే ఒక కాన్వాసులో మూడు కళ్ళు పెట్టావు.

మొదటి ఫొటో మేడ మీద నుంచి. అక్కడ కంటిమట్టం, అంటే చూసే కన్ను ఉన్న ఎత్తు, వీధికి పదహారు, పదిహేడు అడుగుల ఎత్తున ఉంటుంది. చూరు దానికి కిందే కాబట్టి చూరు గీతా, అరుగు గీతా రెండూ దూరం పోయేకొద్దీ పైకే ఎక్కుతాయి.

రెండోది నడుము దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూసే పాత కెమెరాతో తీసినట్టుంది. కంటిమట్టం మూడున్నర అడుగులు. అరుగు ఎత్తు రెండడుగులు అనుకుంటే అది అరుగు మీద నిలబడ్డ మనిషి మోకాలి దగ్గర పడుతుంది. అందుకే ఆ ఫొటోలో ఇద్దరూ గోపురాల్లా కనిపిస్తున్నారు. తప్పు కాదు, కింద నుంచి చూస్తున్నాం అంతే.

మూడోది ఫోను పైకెత్తి తీసినది. నిలువు గీతలు కూడా పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఇంటి ముక్కోణపు గోడను అందులోంచి తీసుకున్నావు. ఇల్లు వెనక్కి పడేది అక్కడే.

మేడ మీది కన్నుతో చూసిన ఇంట్లో మోకాలి దగ్గరి కన్నుతో చూసిన మనుషులను నిలబెట్టావు. మేడ మీద నుంచి చూస్తే బామ్మగారి పాపిట కనిపించాలి. నీ బొమ్మలో ఆవిడ గడ్డం కింది భాగం కనిపిస్తోంది.

పర్లాకిమిడి_కుంచె
పాపిట మాట చదివి బొమ్మ ముందు చాలాసేపు కూర్చున్నాను మాస్టారూ. నిజమే. పాదాలు కూడా అంతే, వేళ్ళు కనిపించకుండా అంచులే వేశాను.

తాటాకు_గంటం
నాకు ఈ చర్చ మొదటి నుంచీ ఒప్పుదల లేదు. నేను పటచిత్రం, అంటే గుడ్డ మీద వేసే ఒడిశా సంప్రదాయ బొమ్మలు, తాటాకు బొమ్మలు చేస్తాను. మా దగ్గర జగన్నాథుడు గుడి కంటే పెద్దగా ఉంటాడు, ఎవరూ "తల దూలానికి తగులుతోంది" అనరు. గుణుపురం వైపు సవర గిరిజనుల ఇళ్ళలో ఇడితాల్ అనే గోడ బొమ్మలు చూడండి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు. ఇల్లు, ఏనుగు, చెట్టు, మనుషులు అన్నీ ఒకే గోడ మీద, ఎవరికీ కంటిమట్టం లేదు. అది తెలియక వేసిన బొమ్మ కాదు. ఎవరు ముఖ్యమో వారు పెద్ద. ఆ ఇంట్లో బామ్మగారే పెద్ద అయితే స్తంభం కంటే పొడుగ్గా ఉండడంలో తప్పేమిటి? ఇటలీ వాళ్ళ మేకు ఒక్కటే కొలబద్దా?

గోడరాత_బరంపురం
అమ్మా, మీ మాట కాదనను. కానీ ఆయన పటచిత్రం అడగలేదు, ఇల్లు అడిగారు. మసాలా దోసె చెప్పినవాడికి ఎంత మంచి పాయసం పెట్టినా గొడవే కదా.

తాటాకు_గంటం
పాయసం ఊరికే పెడితే గొడవ పడతాడా?

గోడరాత_బరంపురం
ఊరికే కాదు, నాలుగు వేలు తీసుకున్నాడు.

జయపురం_నీటిరంగు
గంటం గారి మాటలో సగం నాకు నచ్చింది. పటచిత్రంలో ఎవరు పెద్దో ముందే తేల్చుకుని వేస్తారు. తమ్ముడు తేల్చుకోకుండా వేశాడు, బామ్మ తనంతట తనే పెరిగిపోయింది.

లెక్కలమాస్టారు_రాయగడ
అంతే. ఏ పద్ధతైనా సరే, బొమ్మ మొదలుపెట్టే ముందు "నేను ఎక్కడ నిలబడి చూస్తున్నాను" అని అడుగు. నీ దగ్గరున్న మనుషుల ఫొటో కింద నుంచి తీసినది కాబట్టి ఇంటిని కూడా వీధిలో నిలబడ్డ మనిషి కన్నుతో వేయడం సులువు. కంటిమట్టం ఐదడుగులు పెట్టు. అప్పుడు చూరు గీత దూరం పోయేకొద్దీ కిందికి, అరుగు గీత పైకి, రెండూ అదే మట్టం మీద కలుస్తాయి.

మనుషుల ఎత్తుకు స్తంభమే కొలత. స్తంభం ఎనిమిదడుగులు, బామ్మగారు ఐదడుగులు అయితే, ఆవిడ ఏ స్తంభం పక్కన నిలబడితే ఆ స్తంభాన్ని అక్కడ ఎనిమిది భాగాలు చేసి ఐదు తీసుకో. వేరే లెక్క వద్దు.

స్తంభాల మధ్య దూరం కంటి అంచనాతో వేశావు, అందుకే చివరి రెండూ వెడల్పుగా ఉన్నాయి. మొదటి స్తంభం, రెండో స్తంభం వేశాక రెండో స్తంభం ఎత్తులో సగం గుర్తించు. మొదటి స్తంభం పైకొస నుంచి ఆ సగం గుర్తు మీదుగా గీత లాగితే అది అరుగు గీతను తాకే చోటే మూడో స్తంభం. అలాగే నాలుగు, అయిదు. ముక్కోణపు గోడ శిఖరం కూడా అంతే. గోడకు మూల నుంచి మూలకు రెండు ఐమూల గీతలు గీసి, అవి ఖండించుకున్న చోటి నుంచి నిలువుగా లేపు. స్కేలుతో కొలిచిన మధ్య కాదు.

పర్లాకిమిడి_కుంచె
ఫోను లెన్సు వల్ల కూడా వంకర వస్తుందంటారు కదా, అది నిజమేనా?

లెక్కలమాస్టారు_రాయగడ
లెన్సును తిట్టకు. దగ్గరి వస్తువు అతిగా పెద్దదై, దూరపుది చిన్నదయ్యేది నువ్వు నిలబడ్డ దూరం వల్ల. ఫోను లెన్సు వెడల్పుగా చూస్తుంది కాబట్టి ఇల్లంతా పట్టడానికి మనం మరీ దగ్గరగా నిలబడిపోతాం, అంచులు సాగుతాయి. పది అడుగులు వెనక్కి వెళ్ళి జూమ్ చేసి తీస్తే సగం బాధ పోతుంది. ఫోను పైకి వంచకుండా నిటారుగా పట్టుకుంటే మిగతా సగం.

గుణుపురం_ప్యాసింజర్
మా వీధిలో పది అడుగులు వెనక్కి వెళ్తే కాలువలో ఉంటాను మాస్టారూ.

బొమ్మ_వేయించుకున్నవాణ్ణి
నేను చిత్రకారుణ్ణి కాదు. రెండుసార్లు బొమ్మలు వేయించుకున్నాను, రెండుసార్లూ గొడవ పడ్డాను. కాబట్టి అటువైపు నుంచి ఒక మాట.

మాకు వానిషింగ్ పాయింట్, అదే మీ గీతలు కలిసే చోటు, తెలియదు. కానీ ఆ ఇంట్లో పుట్టినవాడికి మెట్లు ఎన్నో, గుమ్మం దగ్గర తల ఎక్కడ వంచాలో ఒంటికి తెలుసు. తప్పు ఎక్కడో చెప్పలేం, తప్పుందని మాత్రం వెంటనే తెలిసిపోతుంది. అలా చెప్పలేనప్పుడే "డబ్బు ఇచ్చెయ్యి" అంటాం. అది కోపం కాదు, మాటలు లేకపోవడం. నా బొమ్మ వేసినాయన నెలన్నర కనిపించకుండా పోయి ఒకేసారి ఫ్రేము కట్టి తెచ్చాడు. మధ్యలో ఒక్కసారి పెన్సిలు గీతలు చూపించి ఉంటే అరగంటలో తేలిపోయేది.

జయపురం_నీటిరంగు
ఇది బంగారం లాంటి మాట. నేను ఇప్పుడు మూడు మెట్లుగా తీసుకుంటాను. మాట అయినప్పుడు మూడో వంతు, పెన్సిలు గీతలు చూసి ఒప్పుకున్నాక మూడో వంతు, బొమ్మ ఇచ్చేటప్పుడు మిగతాది. పెన్సిలు దగ్గర ఎన్ని మార్పులైనా ఉచితం. రంగు పడ్డాక రెండు మార్పులే, ఆపైన డబ్బు.

ఇది ఊరికే రాలేదు. ఒక ఏడాది ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి గిడుగు రామమూర్తి గారి బొమ్మ అడిగారు. వెనక సవర పల్లె ఇళ్ళ వరుస ఉండాలన్నారు. ఆయన పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్న మనిషి కాబట్టి ఆ ఊహ నాకూ నచ్చింది. సంఘంలో అయిదుగురు. ఒకరు రంగు ముదరాలన్నారు, ఒకరు లేతగా ఉండాలన్నారు, ఒకరు ఇళ్ళ వరుస ఎడమకు తిప్పమన్నారు. తిప్పాను. ఇంకొకరు వచ్చి కుడికే బాగుండేదన్నారు. 28 రాత్రి దాకా దిద్దాను. అప్పటి నుంచి ఎంత పెద్ద సంఘమైనా నాతో ఒక్కరే మాట్లాడాలని ముందే చెబుతున్నాను.

నల్లకోటు_బరంపురం
అడ్వాన్సు సంగతి ఎవరూ తేల్చలేదు. కాగితం లేదు కాబట్టి చట్టం కంటే మర్యాదే ముఖ్యం. ఖర్చయిన రంగులు, కాన్వాసు లెక్క రాసి చూపించండి. మళ్ళీ వేసి ఇస్తానని చెప్పండి. అప్పుడూ వద్దంటే ఖర్చు పోను మిగతాది ఇచ్చేయండి. చిన్న ఊళ్ళో నాలుగు వేల కంటే పేరు ఖరీదైనది.

దీనికి సంబంధం లేకపోయినా ఇంకో మాట, చాలామంది చిత్రకారులకు తెలియదు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద వేసిన చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. మీరు దాన్ని క్యాలెండరుగా అచ్చు వేసుకోవాలన్నా ఆ మాట ముందే కాగితం మీద ఉండాలి. అయితే 57వ సెక్షను కింద, వేసింది మీరేనని చెప్పుకునే హక్కు మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

తాటాకు_గంటం
అంటే నేను వేసిన బొమ్మ నాది కాదా?

నల్లకోటు_బరంపురం
మీరు మీ ఇష్టానికి వేసి తరవాత అమ్మితే హక్కు మీదే. వాళ్ళు అడిగి, డబ్బిచ్చి వేయిస్తే వాళ్ళది. ఒక్క పంక్తి రాయించుకుంటే మారిపోతుంది. ఆ ఒక్క పంక్తి కోసమే నన్ను అడగరు.

పర్లాకిమిడి_కుంచె
పదకొండు రోజుల తరవాత వస్తున్నాను.

ఆయన దగ్గరికి వెళ్ళి మళ్ళీ వేస్తాను, ముందు పెన్సిలు చూపిస్తాను అన్నాను. కాసేపు ఆలోచించి సరే అన్నారు.

అదే కొలతకు కాగితం నేల మీద పరిచాను. కంటిమట్టం గీసి, వసారా గీతలు పొడిగించుకుంటూ పోయాను. ఎడమ మేకు మంచం కింద పడింది. కుడిది వంటింటి గడప దగ్గర. నేలలో మేకు దిగదు కాబట్టి రెండు చోట్లా ఇటుకలు పెట్టి దారాలు కట్టాను. మూడు రోజులు మా అమ్మ చేతిలో గిన్నె పట్టుకుని ఆ దారాన్ని దాటుతూ తిరిగింది. రెండో రోజు ఇటుక జరిగింది, ఎవరు తన్నారో ఒప్పుకోలేదు. అయిదు స్తంభాలూ మాస్టారు చెప్పినట్టే వేశాను. చివరి స్తంభం నేను అనుకున్నదానికంటే ఎంత సన్నగా, ఎంత దగ్గరగా వచ్చిందో చూసి నమ్మలేక మళ్ళీ గీశాను. మళ్ళీ అక్కడికే వచ్చింది.

తీసుకెళ్ళి చూపించాను. ఇల్లు చూడగానే ఆయన "ఆఁ" అన్నారు. ఆ ఒక్క అక్షరం చాలు నాకు. తరవాత కళ్ళు మూసుకుని, గుమ్మం దాటి బయటికి వస్తున్నట్టు చేయి చాపి, "తులసికోట నా ఎడమ చేతికి తగలాలి" అన్నారు. నేను ఆయన కుడి చేతి వైపు వేశాను. ఫొటోలో అలాగే ఉంది మరి. ఫొటో చూపిస్తే ఆయనే అయోమయంలో పడ్డారు. ముఖాలు మళ్ళీ తేడాగానే ఉన్నాయన్నారు. ఇది ఏమిటో ఎవరికైనా తెలుస్తుందా?

గోడరాత_బరంపురం
వీధి నుంచి చూసే మనకు అది కుడివైపు రావాలి. ఫొటోలో ఎడమవైపు ఉంది. బామ్మగారి పైట ఏ భుజం మీద ఉంది?

పర్లాకిమిడి_కుంచె
కుడి భుజం మీద.

జయపురం_నీటిరంగు
దాన్ని బట్టి చెప్పలేం. మన వైపు పాతకాలం వాళ్ళలో కుడి పైట వేసేవాళ్ళూ ఉన్నారు.

గుణుపురం_ప్యాసింజర్
తాతగారి చొక్కాకు జేబు ఉందా?

పర్లాకిమిడి_కుంచె
భూతద్దం పెట్టి చూశాను. జేబు ఉంది. కలం క్లిప్పు కూడా కనిపిస్తోంది. ఆయన కుడి రొమ్ము మీద ఉంది.

గుణుపురం_ప్యాసింజర్
అయితే ఫొటో కడిగినవాడు నెగెటివు తిరగేసి పెట్టాడు. మా మేనమామ స్టూడియోలో పనిచేసేవాడు, పెళ్ళికొడుకునే ఒకసారి అలా తిప్పేశాడు.

లెక్కలమాస్టారు_రాయగడ
ముఖాల తేడా కూడా తేలిపోయింది. ఏ ముఖమూ రెండు వైపులా ఒకేలా ఉండదు. తిరగబడ్డ ముఖం మనలాంటి కొత్తవాళ్ళకు సరిగ్గానే కనిపిస్తుంది, పెంచిన పిల్లలకు మాత్రం ఎవరో అనిపిస్తుంది. నీ చేయి తప్పలేదు.

బొమ్మ_వేయించుకున్నవాణ్ణి
చెప్పాను కదా, తప్పుందని తెలుస్తుంది, ఎక్కడో చెప్పలేం.

పర్లాకిమిడి_కుంచె
ఫోనులో ఫొటో తిప్పి ఆయనకు పంపాను. ఫోను చేశారు. మొదట ఏమీ మాట్లాడలేదు. తరవాత "ఇదే మా బామ్మ" అన్నారు. ముఖాలు తిప్పి గీశాను, తులసికోట ఇవతలికి మార్చాను. పెన్సిలే కాబట్టి ఒక పూట పని. ఆయన కాగితం అంచున సంతకం పెట్టారు, ఇంకో రెండు వేలు ఇచ్చారు. ఫొటో కింద పెట్టాను, రంగు పడకముందే చూసి చెప్పండి.

తాటాకు_గంటం
బాగుంది. బామ్మగారు కాస్త తగ్గిపోయారు, అదే నా బాధ.

లెక్కలమాస్టారు_రాయగడ
తులసికోట వీధి నేల మీద ఉంది, ఎత్తు నాలుగడుగులు అనుకుంటా. నీ కంటిమట్టం ఐదడుగులు. అయితే కోట పైభాగంలో మట్టి కాస్త కనిపించాలి కదా? నువ్వు అంచు మీద ఒక్క గీత గీసి వదిలేశావు.

పర్లాకిమిడి_కుంచె
చెరుపుతున్నాను మాస్టారూ.